రాయలసీమ దారుల్లో, వ్యానులో నలభై రోజులు

ఫిబ్రవరి 16 సాయంత్రం నరసరావుపేటలో మా ఇంటి ముందు వ్యాను ఆపేసరికి మీటరు మీద 2,350 కిలోమీటర్లు పెరిగి ఉన్నాయి. ఇది రాస్తున్నది నాలుగో రోజు. పరుపు గుడ్డలు డాబా మీద ఇంకా ఆరుతూనే ఉన్నాయి, వంట గిన్నెల మసి పూర్తిగా వదలలేదు. ఈ ప్రయాణంలో తొమ్మిది వీడియోలు చేసి మా చానెల్లో పెట్టాము. వాటిలో పట్టనివీ, పట్టకూడదని మేమే అనుకున్నవీ మరిచిపోక ముందే రాసిపెట్టుకోవాలనిపించింది.

మా ఆయనకు వెల్డింగు షాపు ఉండేది. అబ్బాయి ఉద్యోగానికి పుణె వెళ్ళిన తరువాత షాపును తమ్ముడికి అప్పగించారు. నేను ఇరవై ఏళ్ళు ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి మానేశాను. 2023 చివర్లో పాత మారుతి ఈకో ఒకటి 2,60,000 రూపాయలకు కొన్నాము. రెండు పక్కలా జరిపే తలుపులు ఉండటమూ, ఏ చిన్న ఊళ్ళోనైనా దాని సామాను దొరకటమూ మేము చూసుకున్న రెండు సంగతులు. ఆర్.సి.లో రాసి ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చెబుతుంది కనుక, మా ఆయన చేసిన ఇనుప మంచాన్ని వ్యాను బాడీకి ఒక్క బోల్టుతో కూడా బిగించలేదు. మూడు ముక్కలుగా విడదీసి పది నిమిషాల్లో బయట పెట్టవచ్చు. మంచం కింద ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు, ఐదు కిలోల గ్యాసు సిలిండరు, బియ్యం, పప్పులు, పచ్చళ్ళ సీసాలు ఉంటాయి. ఆగిన చోట నేల మీద పరిచే మడత సోలారు పలకా, ఒక బ్యాటరీ నా ల్యాప్‌టాపుకూ, కెమెరాకూ, రాత్రి తిరిగే చిన్న ఫ్యానుకూ సరిపోతాయి. వంట మాత్రం ఎంత చలిలోనైనా బయటే. తలుపులు మూసిన బండిలో పొయ్యి వెలిగిస్తే విషవాయువు చేరి నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

కొత్తగా బయలుదేరాలనుకునే వారు అందరికన్నా ముందు అడిగేది డబ్బు గురించే. నలభై రోజులకు పెట్రోలు 16,800 రూపాయలు, తిండి 10,700, బండి మరమ్మతు 3,200, సత్రాల్లో గది తీసుకున్న ఐదు రాత్రులకు 2,100, టికెట్లూ పార్కింగూ 1,400, గ్యాసు 1,150, ఫోను డేటా 700. మొత్తం 36,050, అంటే రోజుకు తొమ్మిది వందలు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది చందాదారులూ, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణా ఉండాలి. అక్కడికి చేరడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ తరువాత ఇప్పటిదాకా వచ్చిన డబ్బు 31,000. ఈ ఒక్క ప్రయాణం ఖర్చుకే అది చాలలేదు. అయినా వీడియోలు ఎందుకు చేస్తున్నామన్న ప్రశ్న మమ్మల్ని దారి పొడుగునా వెంటాడింది.

కంభం, జనవరి 8–9

మంగళవారం బయలుదేరవద్దని అత్తయ్యగారు అన్నందువల్ల బుధవారం తెల్లవారుజామున కదిలాము. చెరువు కట్ట మీదికి వెళ్ళాలని ఫోనులో మ్యాపు పెట్టుకుంటే అది మమ్మల్ని మిరప చేల మధ్య బండి తిరగడానికి వీలులేని డొంకలోకి తీసుకుపోయింది. ఎదురుగా ఎడ్లబండి. ఆ రైతు విసుక్కోకుండా దిగి, దాదాపు అర కిలోమీటరు మా వెనక నడుస్తూ, చెయ్యి ఊపుతూ వ్యానును వెనక్కు నడిపించాడు. ఆయన ఎడ్లు అంతసేపూ అక్కడే నిలబడి ఉన్నాయి.

కంభం చెరువును విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ కట్ట వేసి కట్టారు. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని ఊరివాళ్ళందరూ చెబుతారు. ఏడు కిలోమీటర్ల పొడవున్న ఈ చెరువును 2020లో అంతర్జాతీయ సేద్యపు సంస్థ వారసత్వ నీటి కట్టడంగా గుర్తించింది. సాయంత్రం వలలు దులుపుతున్న ఒక జాలరి దగ్గర కిలో 180 చొప్పున బొచ్చె చేప కొన్నాము. కెమెరా తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇష్టం లేదేమోనని దించేశాను. “ఆగమ్మా, చొక్కా వేసుకొని వస్తాను” అని పడవ దగ్గరకు వెళ్ళి, చొక్కా తొడుక్కొని, తల దువ్వుకొని వచ్చి నిలబడ్డాడు. మనిషిని అడగకుండా కెమెరా ఎత్తటం ఎంత తొందరపాటో నాకు అక్కడ తెలిసింది. ఆయన భార్య చేపను బూడిదతో తోమి, ముక్కలు కోసి ఇచ్చి, దానికి డబ్బులు తీసుకోలేదు. చింతపండు పులుసు పెట్టుకొని కట్ట కింద తిన్నాము.

మహానంది, నంద్యాల, జనవరి 10–12

మహానంది కోనేటి నీళ్ళు అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా ఉంటాయి. నల్లమల అడుగు నుంచి ఊరే ఆ నీరు కోనేళ్ళు దాటి బయటికి పోయి చుట్టుపక్కల అరటి తోటలకు పారుతుంది. వ్యానులో బతికేవారికి నీళ్ళు పుష్కలంగా దొరికే ఊరు పండుగలాంటిది. రెండు రోజులు బట్టలన్నీ ఉతుక్కొని, గుడి అన్నదానంలో భోజనం చేశాము.

నంద్యాలలో పొద్దున్న పూట ఉగ్గాని–బజ్జీ తినకుండా ముందుకు కదలకూడదు. బొరుగులను నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తిరగమోత పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి 40 రూపాయలకు ఇచ్చారు. కోస్తా వాళ్ళం, బొరుగులంటే సాయంకాలం కాలక్షేపానికి తినేవే అనుకుంటాము. ఇది కడుపు నింపుతుంది, మధ్యాహ్నం దాకా ఆకలి వేయనివ్వదు. ఆ టిఫిను బండి ఆవిడ నా ప్లేటులో అడగకుండానే మూడో బజ్జీ వేసి, “దూరం నుంచి వచ్చినారు, తినండి” అన్నది.

యాగంటి, జనవరి 13–15

భోగి నాటికి యాగంటి చేరాము. కొండ గుహల నడుమ ఉమామహేశ్వరుడి గుడి, కొండలోంచి నంది నోటి గుండా కోనేట్లో పడే చల్లని నీరు, ఏటేటా పెరుగుతుందని చెప్పుకునే నంది, కాకి వాలదన్న నమ్మకం ఈ క్షేత్రంలో అందరూ చూసి వెళ్ళేవే. పండుగ మూడు రోజులూ జనం కిటకిటలాడుతున్నందున వ్యానును ఒక సత్రం వెనక నిలిపి, అక్కడే 400 రూపాయలకు గది తీసుకున్నాము.

సంక్రాంతి పొద్దున్న నేను పొయ్యి మీద పొంగలి పెడుతుంటే, బనగానపల్లె వైపు నుంచి ట్రాక్టరులో వచ్చిన ఒక కుటుంబం పక్కనే దిగింది. పెద్దావిడ నా గిన్నెను, మా వ్యానును, మా ఆయనను ఒకదాని తరువాత ఒకటిగా చూసి, “పండగ పూట బండిలో వండుకోవాల్సిన కర్మ ఏమొచ్చిందమ్మా? బిడ్డలు లేరా?” అని అడిగింది. ఉన్నాడనీ, ఇష్టపడే తిరుగుతున్నామనీ చెప్పినా ఆమె నమ్మినట్టు లేదు. కాసేపటికి ఓళిగలు, వంకాయ కూర, జొన్నరొట్టెలు విస్తరాకులో పెట్టి పంపింది. మేము ఇచ్చిన పొంగలిని వాళ్ళ పిల్లలకు పెట్టింది. వెళ్ళేముందు ట్రాక్టరు ఎక్కుతూ, “కొడుక్కి ఫోను చేస్తాండు” అని నాకు గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది. ఆ సాయంత్రం అబ్బాయితో గంటసేపు మాట్లాడాను.

బెలుం, జనవరి 17

బెలుం గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త చూసి నమోదు చేశాడు. 1982–83లో గెబావర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం లోపలికి దిగి కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర సందర్శకులను అనుమతిస్తారు. పైన జొన్న చేలు, చదునైన నేల. దాని కింద ఇంత పెద్ద ఖాళీ ఉందని దిగేదాకా ఊహకు రాదు. పై నుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతున్నా లోపల ఉక్క విపరీతం. దిగిన రెండు నిమిషాలకే కెమెరా అద్దం మంచు పట్టినట్టు మసకబారింది. ఎంత తుడిచినా అంతే. అరగంట ఓ రాతి మూల కూర్చుని, కెమెరా ఆ వేడికి అలవాటు పడేదాకా ఆగవలసి వచ్చింది. ఆ అరగంటలో చూసినదే నాకు ఎక్కువగా గుర్తుంది. పాతాళగంగ వైపు దిగే మెట్ల దగ్గర ఒక తండ్రి, భయపడుతున్న కూతురికి ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క ఎక్కం చెప్పిస్తూ పద్నాలుగో ఎక్కం దాకా కిందికి తీసుకుపోయాడు.

పేరు రాయని ఊరు, జనవరి 19–21

జమ్మలమడుగు చుట్టుపక్కల ఒక చిన్న ఊరు ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. ఎందుకో చెప్పటానికే ఈ కథనంలో ఎక్కువ భాగం.

2024 ఫిబ్రవరిలో మా మొదటి ప్రయాణంలో ఆ ఊరి కుంట గట్టు మీద రెండు రాత్రులు పడుకున్నాము. పక్కన పెద్ద చింతచెట్టు, గంగమ్మ రాయి, ఒక బోరింగు. ఎదురింటి అవ్వ మాకు రాగి సంగటి, చెనిగిత్తనాల (వేరుశనగ) చట్నీ పెట్టి, తన వాకిట్లోనే స్నానానికి చాటు కట్టి ఇచ్చింది. ఆ రాత్రి కుంటలో చుక్కలు కనిపించాయి. నేను అదంతా వీడియో తీసి, ప్రధాన రోడ్డు నుంచి ఎక్కడ ఎడమకు తిరగాలో, ఏ వేపచెట్టు దగ్గర మట్టి దారి పట్టాలో వివరంగా చూపించాను. కింద మ్యాపు కూడా పెట్టాను. ‘ఖర్చు లేకుండా చుక్కల కింద నిద్ర’ అని దానికి పేరు పెట్టాను. అంతకు ముందు మా వీడియోలను వందల్లో చూసేవారు. దీన్ని 2,10,000 సార్లు చూశారు. మా చానెల్ నిలబడింది దాని మీదనే.

ఈసారి ఆదివారం మధ్యాహ్నం ఆ వేపచెట్టు దగ్గర మలుపు తిరిగేసరికి మట్టి దారికి అడ్డంగా రాళ్ళు పేర్చి, పైన తుమ్మకంప వేసి ఉంది. వ్యాను అక్కడే వదిలి నడిచి వెళ్ళాము. కుంట గట్టు నిండా సీసా పెంకులు, ప్లాస్టిక్ ప్లేట్లు, కాలిన కట్టెలు. చింతచెట్టు మొదలు ఒక పక్క నల్లగా మాడిపోయి ఉంది. బోరింగు పిడి విరిగి వేలాడుతోంది.

గొర్రెలు మేపుకుంటున్న ఒక యువకుడు నన్ను గుర్తుపట్టాడు. కోపంగా అరవలేదు, అరిచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. “అక్కా, ఆ బొమ్మ తీసింది మీరే కదా? శనివారం వచ్చిందంటే కార్లే కార్లు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి. గండికోట కాడ గుడారానికి డబ్బులడుగుతారు, ఈడ ఊరికే అని మీరు చెప్పినారంట. మా నాయన కాల్లో సీసా పెంకు దిగి రెండు నెలలు మంచాన పడినాడు” అని చెప్పి, తన ఫోనులో మా వీడియోనే తెరిచి, నేను చెయ్యి చూపి దారి చెబుతున్న చోట ఆపి చూపించాడు.

మా ఇద్దరికీ నోట మాట రాలేదు. మనకు నచ్చిన చోటును పదిమందికి చెప్పటం మంచిదేనని అప్పటిదాకా నేను గట్టిగా నమ్మాను. చూసినవారిలో వందకు తొంభై తొమ్మిది మంది మంచివారే కావచ్చు; కానీ ముప్పై ఇళ్ళ ఊరికి ఆ మిగిలిన ఒక్కరే చాలా ఎక్కువ. ఊరు మాకిచ్చిన చోటును, ఊరిని అడగకుండా, నేను లోకానికి పంచిపెట్టాను.

అవ్వ ఇంటికి వెళ్ళాము. ఆమె మమ్మల్ని చూసి సంతోషంగానే లేచి వచ్చి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు ఆమె ఇప్పుడు బోరింగు పాడై అర కిలోమీటరు దూరం నుంచి మోసుకొస్తున్నవని తరువాత తెలిసింది. వీడియో మొత్తం తీసేస్తానని చెప్పి క్షమించమన్నాను. అవ్వ కంగారుపడింది. “తీసేయబాకమ్మా. మా కూతురు కువైట్‌లో ఉండాది. నాలుగేండ్లయింది పోయి. ఆడ శుక్రవారం సెలవంట. శుక్రవారం శుక్రవారం అది పెట్టుకోని నన్ను చూసుకుంటాదంట. ఫోను మాట్లాడేటప్పుడు నేను ఊరకే కూచుంటా, అందులో అయితే సంగటి గెలకతా ఉంటాను, నడస్తా ఉంటాను అంటాది” అని నా చెయ్యి పట్టుకుంది. కడప జిల్లా పల్లెల నుంచి ఇంటి పనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. నా వీడియోలో వాళ్ళలో ఒకరికి తల్లి కనబడుతోందన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కడ రెండు రోజులు ఉన్నాము. మా ఆయన బోరింగు పిడిని జమ్మలమడుగు తీసుకువెళ్ళి, ఒక షాపులో 350 రూపాయలిచ్చి యంత్రం వాడుకొని స్వయంగా వెల్డింగు చేసి తెచ్చారు. నేనూ, ఆ గొర్రెల యువకుడి చెల్లెలూ, బడి పిల్లలు నలుగురూ కలిసి గట్టు మీద పెంకులు ఏరితే ఏడు సిమెంటు సంచులు నిండాయి. పిల్లల చేతులు తెగకుండా మందపాటి గోనె ముక్కలు చుట్టాము. రెండో రోజు సాయంత్రం నీళ్ళు పడ్డాయి. ఇదేదీ కెమెరాలో తీయలేదు. తీసి చూపిస్తే మళ్ళీ మా మంచితనాన్ని అమ్ముకున్నట్టే అవుతుందని ఇద్దరికీ అనిపించింది.

జమ్మలమడుగులో సిగ్నలు బాగా ఉన్న చోట కూర్చుని పాత వీడియోను సరిచేశాను. పెట్టిన వీడియోలోంచి కొంత భాగాన్ని చిరునామా మారకుండా కత్తిరించే వీలు యూట్యూబ్‌లో ఉంది. మలుపు, వేపచెట్టు, ఊరి బోర్డు కనిపించే యాభై సెకన్లు తీసేశాను. మ్యాపును, దారి చెబుతూ వీక్షకులు రాసిన వ్యాఖ్యలను తొలగించాను. పేరు మార్చాను. అవ్వ ఉన్న నాలుగు నిమిషాలు అలాగే ఉంచాను.

గండికోట, జనవరి 22

ఎర్రమల కొండలను పెన్న కోసిన ఆ లోయ అంచున కూర్చుంటే సాయంత్రపు వెలుగులో ఎర్రరాయి ఇటుక రంగు నుంచి రాగి రంగుకు మారుతుంది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటలో మాధవరాయ స్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూడటానికి ఒక పూట పట్టింది. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకోవడానికి ఇక్కడికి వచ్చి, కొండ ఎక్కే దారి ఎంత ఇరుకో రాసిపెట్టాడు. ముందు రోజు మనసులో ఉన్నందువల్లనేమో, దారులు రాసే యాత్రికుల పని మూడున్నర శతాబ్దాల నాడు కూడా ఎవరో ఒకరికి పనికివచ్చే ఉంటుంది కదా అని ఆ లోయ అంచున చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ వీడియో తీశాను, దారి కూడా చెప్పాను. ఇది అందరికీ తెలిసిన చోటు, వచ్చేవారి కోసం ఏర్పాట్లు ఉన్న చోటు. అడిగినంత పార్కింగు రుసుము ఇచ్చి, చెప్పిన చోటే వ్యాను పెట్టుకున్నాము.

తాడిపత్రి, జనవరి 24–25

ఈకోలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. ఎండలో ఎత్తు ఎక్కితే సీటు కాలుతుంది. తాడిపత్రి పొలిమేరలో కాలుతున్న వాసన వచ్చి సీటు ఎత్తి చూస్తే వాటర్ పంపు కారి కూలెంటు అంతా పోయింది. నల్లరాతి బండలు మోసే లారీలు తిరిగే ఊరు కనుక మెకానిక్కులకు కొదవలేదు. పంపు, కూలెంటు, కూలీ కలిపి 3,200 అయింది. ఇంజను విప్పి ఉన్న ఆ రాత్రి మెకానిక్కు తన షెడ్డులోనే పడుకోమని, భార్యతో అన్నం, పప్పు, చియ్యల (మాంసం) కూర పంపించాడు. మరునాడు పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి చూశాము. లింగం అడుగున నీరు ఊరే గుడి అది. కూలెంటు పోయి వచ్చిన మాకు ఆ ఊట చూస్తే మనసు కుదుటపడింది.

కదిరి దాటి లేపాక్షి దాకా, జనవరి 28–ఫిబ్రవరి 1

తిమ్మమ్మ మర్రిమాను సుమారు ఐదెకరాల మేర అల్లుకొని ఉంది. 1989లో ప్రపంచంలోనే పెద్ద మర్రిగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ చెట్టు మొదలు ఏదో ఊడ ఏదో చెప్పలేము. అక్కడ ఎక్కువసేపు లేము.

లేపాక్షిలో మాత్రం మూడు రోజులు ఉన్నాము. వీరభద్రుడి గుడి కప్పుల మీది బొమ్మలను నేను నేల మీద వెల్లకిలా పడుకొని చూశాను. ఐదు వందల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళు కట్టుకున్న చీరల అంచులు, కొప్పుల తీరు ఒక్కటొక్కటిగా కళ్ళకు కడతాయి. చీకటిగా ఉన్న ఆ రంగులు కెమెరాకు సరిగా అందవు. ఫ్లాష్ వేస్తే రంగులకు చేటు కనుక వేయకూడదు. అందరూ వేలాడే స్తంభం కింద పైటకొంగు దూర్చి అటు నుంచి ఇటు లాగుతూ ఫోటోలు తీసుకుంటుంటే, గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు తానే పీక్కొని గోడకు కొట్టాడని చెప్పే ఎర్రని మచ్చల దగ్గర ఒక ముసలాయన కళ్ళు మూసుకొని నిలబడి ఉన్నాడు. ఆయన వైపు కెమెరా తిప్పలేదు.

హిందూపురం వాసులు చెప్పిన మాట విని, సరిహద్దు దాటి కర్ణాటక బంకులో ట్యాంకు నింపుకున్నాము. లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ. రోజుకు తొమ్మిది వందలతో తిరిగేవారికి అది ఒక పూట భోజనం.

హంపి, ఫిబ్రవరి 4–9

హంపి గురించి రాసినవారు ఎందరో ఉన్నారు. నేను రెండు సంగతులే చెబుతాను. విఠలాలయం దగ్గర 40 రూపాయల టికెట్టు తీసుకొని లోపలికి పోతుంటే, నా మూడు కాళ్ళ స్టాండును కాపలాదారు మర్యాదగా ఆపి, పురావస్తు శాఖ అనుమతి లేకుండా దాన్ని వాడకూడదని చెప్పాడు. చేత్తోనే తీశాను, వణికింది, అయినా అది చాలు. రెండోది తిండి. హోసపేటలో పొద్దున్న బండి దగ్గర ‘వగ్గరణె, మిర్చి’ అని అరుస్తుంటే వెళ్ళి చూస్తే నంద్యాలలో తిన్న ఉగ్గాని–బజ్జీయే. కన్నడంలో వగ్గరణె అంటే తిరగమోత. మన ఉగ్గాని ఆ మాట నుంచే వచ్చి ఉంటుందని బండి ఆయన తెలుగులోనే నాకు వివరించి, తన అమ్మమ్మది ఆలూరని చెప్పాడు. బంకులో లారీల పక్కన పడుకున్న ఆ ఐదు రాత్రులూ ఎవ్వరూ మమ్మల్ని లేపలేదు. ఒక డ్రైవరు మాత్రం మా కిటికీ తట్టి, దోమతెర చిరిగిందని చెప్పి వెళ్ళాడు.

మళ్ళీ ఆ ఊరికి, ఫిబ్రవరి 13–14

బళ్ళారి, గుంతకల్లు, గుత్తి మీదుగా తిరిగి వస్తూ, నంద్యాల వైపు పోవలసిన వాళ్ళం దక్షిణానికి తిరిగాము. ఇంటి దారికి 120 కిలోమీటర్లు ఎక్కువ. ఇద్దరమూ అడగకుండానే ఒప్పుకున్నాము.

దారి మీది రాళ్ళూ కంపా అలాగే ఉన్నాయి. గొర్రెల యువకుడు ఎదురొచ్చి, కంప ఒక పక్కకు లాగి, వ్యాను లోపలికి పోయాక మళ్ళీ వేశాడు. మూడు శనివారాల్లో మూడు కార్లే వచ్చాయనీ, వాటిని వెనక్కు పంపించామనీ చెప్పాడు. గట్టు మీద పెట్టవద్దనీ, తన కల్లంలో పెట్టుకోమనీ అవ్వ అన్నది. ఆ రాత్రి సంగటి నేనే గెలికాను, గడ్డలు కట్టాయి. అవ్వ తెడ్డు తీసుకొని మళ్ళీ గెలికింది.

మరునాడు శుక్రవారం. మధ్యాహ్నం కూతురు వీడియో కాల్ చేసింది. అవ్వ ఫోను పట్టుకొని బోరింగు దాకా నడిచి, పిడి కొట్టి నీళ్ళు పోయించి, “సప్పుడు ఇనపడతాందా?” అని రెండుసార్లు అడిగింది. తరువాత కూతురు నాతో మాట్లాడుతూ, “అక్కా, అమ్మను మల్లా ఒకసారి తీయండి. ఈసారి మొగం బాగా దగ్గరగా” అన్నది. అది చానెల్లో పెట్టననీ, నీకు ఒక్కదానికే పంపుతాననీ చెప్పాను. అవ్వ పెట్టె తెరిచి నీలం రంగు చీర కట్టుకుంది. తల దువ్వించుకుంది. కల్లం అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ పన్నెండు నిమిషాలు మాట్లాడింది. చింతచెట్టు మాడిన పక్క కూడా చిగురు వేసిందని చెప్పింది, మేక ఈనిందని చెప్పింది, అప్పు ఎంత తీరిందో చెప్పింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు.

ఆ ఊళ్ళో సిగ్నలు ఒక్క గీత దాటదు. పన్నెండు నిమిషాల దృశ్యాన్ని మూడు ముక్కలు చేసి, ఫోనును వ్యాను పైకప్పు మీద పెట్టి పంపించటం మొదలుపెట్టాను. మెలకువ వచ్చినప్పుడల్లా లేచి చూశాను. తెల్లవారుజామున నాలుగింటికి మూడో ముక్క కూడా వెళ్ళింది. కువైట్‌లో అప్పుడు ఒకటిన్నర. ఫోను చేతిలో ఉండగానే మూడింటి పక్కనా టిక్కులు నీలంగా మారాయి.